నిమిషం మింగడానికి ఎంతసేపు?

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నర నుంచీ అక్షరాలక్క కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. కూర్చుంటే లేవాలనిపించింది. లేస్తే కిటికీ దగ్గరికి వెళ్లాలనిపించింది. కిటికీ దగ్గరికి వెళితే కింద టైర్ల దుకాణం తప్ప చూడటానికి ఏమీ లేదు. ఇరవై రెండేళ్లుగా ఆ బొమ్మల కథల పత్రికలో మాటల బుడగలు గీసి, వాటిలో అక్షరాలు రాస్తున్న మనిషి ఆమె. నిదానానికి పెట్టింది పేరు. అలాంటి మనిషి ఆ పూట ఒకే పాళీని మూడుసార్లు కడిగి, మూడుసార్లు తుడిచి, మళ్లీ కడగడానికి లేచింది.

ఎందుకో చెప్పాలంటే ముందు ఇద్దరు రాక్షసుల సంగతి చెప్పాలి.

మొదటివాడు చీకటిరేడు. విశ్వం అంచున ఉంటాడు. అక్కడి నుంచి ఒక్కొక్క సూర్యుణ్ణీ దీపం ఆర్పినట్టు ఆర్పుకుంటూ ఇటు వస్తుంటాడు. వాణ్ణి పుట్టించి, పద్నాలుగేళ్లుగా నెలనెలా గీస్తున్నది అక్షరాలక్క మొగుడు. రెండోవాడు నిమిషాసురుడు. వీడు కాలాన్ని తింటాడు. ఒక గ్రహం మీద వాలాడంటే అక్కడివాళ్ల నిన్నలూ రేపులూ అన్నీ నమిలి మింగి, పుట్టినవాళ్లు అసలు పుట్టనే లేదన్నట్టు చేసి మరీ లేస్తాడు. వీణ్ణి పుట్టించినవాడు అక్షరాలక్క సొంత తమ్ముడు. ఏడేళ్లు బావ పక్కన కూర్చుని, ఆయన పెన్సిలు గీతల మీద సిరా దిద్ది పని నేర్చుకున్నాడు. రెక్కలొచ్చాక పక్క బల్ల మీదే సొంత కుంపటి పెట్టుకున్నాడు. ఇద్దరు రాక్షసుల బెదిరింపులూ రాసేది మాత్రం అక్షరాలక్కే. రాసీ రాసీ ఇంటికి కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడితో కూడా "నీకిదే చివరి హెచ్చరిక" అనడం అలవాటైపోయింది పాపం.

ఇన్నాళ్లూ ఈ ఇద్దరు రాక్షసులూ ఒకరి దారికి ఒకరు అడ్డు రాకుండా విశ్వాన్ని పంచుకుని పాడు చేస్తూ వచ్చారు. ఇప్పుడు పత్రిక పేజీలు తగ్గిపోతున్నాయి. వచ్చే నెల నుంచి ఒక్క రాక్షసుడికే చోటు. ప్రత్యేక సంచికలో ఇద్దరినీ కొట్టుకోనిద్దాం, గెలిచినవాడు ఉంటాడు, ఓడినవాణ్ణి గీసే మనిషికి "ఆరు తేడాలు కనుక్కోండి" పేజీ ఇస్తాం అని ఎడిటరమ్మ తేల్చేసింది. ఇద్దరు రాక్షసులూ ఒకరి మీదికి ఒకరు బయలుదేరే ముప్పై తొమ్మిది పేజీలు, ఎవరివి వాళ్లు గీసి, తయారయ్యాయి. ఇద్దరూ తలపడే ఆఖరి పేజీ ఒక్కటే ఖాళీ. ఎవరు గెలవాలో చెప్పమని అడిగితే పాఠకుల ఉత్తరాలు ఇటు సగం, అటు సగం వచ్చాయి.

"మీ రాక్షసుల బలాబలాలు మీకు తెలియాలి గానీ నాకేం తెలుసు?" అంది ఎడిటరమ్మ, పెద్ద బల్ల దగ్గర కుర్చీ లాక్కుని. ఆమె మాట ఎప్పుడూ అంతే, కొలిచి కోసినట్టుంటుంది. "ఇక్కడే వాదించుకుని తేల్చండి. అయిదింటికి ప్రెస్సు వ్యాను వస్తుంది. అప్పటికీ తేలకపోతే ఆఖరి పేజీలో కిందివాళ్ల టైర్ల ప్రకటన వేసేస్తా. పోరు వచ్చే నెలకి వాయిదా."

అక్షరాలక్క అడకత్తెరలో పోకచెక్క అయిందని ఆఫీసంతా జాలిపడింది. మొగుడు ఓడినా బాధే, తమ్ముడు ఓడినా బాధే అనుకున్నారు. నిజానికి ఆ బాధ ఆమెకు పాతది, దానితో కాపురం చేయడం ఆమెకు వచ్చు. ఆమెను నిలవనివ్వనిది వేరే. అయిదు నెలలుగా ఆమె మొగుడి కుడిచెయ్యి వణుకుతోంది.

మొదట ఇంట్లో గ్లాసు పట్టుకున్నప్పుడు కనబడింది. "చలి" అన్నాడాయన. ఫ్యాను ఆపమనేవాళ్లే లేని ఎండల్లో చలి! తర్వాత పేజీల మీద కనబడింది. చీకటిరేడి బుగ్గ మీది గీత మధ్యలో సన్నగా వణికి ఉంది. ఆయన పాళీ మంచిది కాదన్నాడు, కాగితం గరుకుగా ఉందన్నాడు, బల్ల ఊగుతోందన్నాడు. ఆమె బల్ల కాలి కింద అట్టముక్క పెట్టింది. అయినా గీత వణికింది. ఆ రోజు నుంచి ఒక పద్ధతి మొదలుపెట్టింది. పేజీలన్నీ ఆఖరున అక్షరాల కోసం తన దగ్గరికే వస్తాయి కాబట్టి, ఆయన పదకొండింటికి టీకి కిందికి దిగగానే, తన పాళీతోనే ఆయన గీతల్ని దిద్దేది. దిద్దడానికి వీల్లేని చోట నలుపు నింపేది. నలుపు ఏ వణుకునైనా కడుపులో పెట్టుకుంటుంది. "చీకటిరేడు ఈ మధ్య మరీ భయంకరంగా అయ్యాడు, పేజీ అంతా చీకటే" అని పాఠకులు మురిసిపోతూ ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలు చదివి ఆయన మడిచి సొరుగులో పడేశాడు. డాక్టరు దగ్గరికి వెళదామని నోటిదాకా వచ్చిన మాటను అయిదు నెలలుగా మింగలేక కక్కలేక ఉంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఆమె భయం. ఆ చేతి మీద బతికిన మనిషి ఆయన. ఆ చేతి సంగతి ఎవరి నోటి నుంచి విన్నా తట్టుకోలేడని ఆమెకు తెలుసు.

ఇక అసలు గండం. ఆ ఆఫీసులో ఒక కట్టుబాటు ఉంది. ఇద్దరు బొమ్మల మనుషులు పుట్టించిన పాత్రలు ఒకే పేజీలో తలపడితే, ఆ పేజీని పెద్ద బల్ల మీద పరిచి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, అందరూ చూస్తుండగా ఎవరి పాత్రను వాళ్లే గీయాలి. ఇంకొకళ్ల కలం తగలకూడదు. దీన్ని ముఖాముఖి పేజీ అంటారు. ఎప్పుడో ఒకాయన ఇంకొకాయన వీరుడికి మీసం తక్కువ చేసి గీసినందుకు రెండు కుర్చీలు విరిగాయట. అప్పట్నుంచీ ఈ కట్టుబాటు. అంటే వాదన తేలిన మరుక్షణం, ఎవరు గెలిచినా ఎవరు ఓడినా, ఆమె మొగుడు అందరి ముందూ కలం పట్టుకోవాలి.

తేలకపోతే? అయిదు దాటితే టైర్ల ప్రకటన. ఒక నెల గడువు. ఒక నెలలో ఎలాగో ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కుపోవచ్చు. అక్షరాలక్కకు కావాల్సింది ఆ ఒక్క నెల. కాబట్టి ఆ రోజు సాయంత్రం అయిదు దాకా ఈ వాదన తెగకూడదు. రాక్షసుల బలాల గురించి ఎవరైనా మాట్లాడితే చెవులు మూసుకునే మనిషి, ఆ పూట చెవులు రిక్కించుకుని పెద్ద బల్ల చుట్టూ తిరగసాగింది.

"మొదలుపెట్టండి" అంది ఎడిటరమ్మ.

"మొదలేముంది? ఇది వాదనా?" అన్నాడు మొగుడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది, ఎడమచెయ్యి గాలిలో ఉంది. "సూర్యుణ్ణే ఆర్పేశాక వీడి నిమిషం ఏ గడియారంలో తిరుగుతుంది? లోకంలో పగలూ రాత్రీ ఉంటేనే కదా కాలం. మావాడు ఆ సూర్యుడి పీకే నొక్కేస్తాడు."

"గదిలో లైటు తీసేస్తే గోడ గడియారం ఆగిపోతుందా బావా?"

ఎడిటరమ్మ నవ్వి, కాగితం మీద తమ్ముడి వైపు ఒక గీత పెట్టింది.

తమ్ముడు వాదించేటప్పుడు కూర్చోలేడు. కుర్చీ వెనక నిలబడి, కుర్చీ వీపును గుర్రం కళ్లెంలా పట్టుకుంటాడు. "అసలు చీకటంటే బలం కాదు బావా. వెలుగు లేకపోవడం. లేనివాడు ఉన్నవాణ్ణి ఎలా కొడతాడు? ఒక్క అగ్గిపుల్ల గీస్తే పారిపోయేవాడు కూడా రాక్షసుడేనా?"

"అగ్గిపుల్ల ఎంతసేపు వెలుగుతుందిరా? వేలు కాలేదాకా. ఆ తర్వాత అక్కడ ఎవరుంటారు? మావాడే. మావాడు పారిపోడు, కాస్త పక్కకి జరిగి నిలబడతాడు. ఓపిక నాయనా, ఓపిక. మీవాడికి లేనిదే అది. నిమిషం కనబడితే చాలు, నోరు తెరుచుకుని మీద పడిపోతాడు, పెళ్లి భోజనాల్లో మొదటి బంతివాడిలాగ."

ఆఫీసంతా గొల్లుమంది. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయి ఆగాడు. మళ్లీ అనబోయి మళ్లీ ఆగాడు. ఎడిటరమ్మ గడియారం చూసింది. పదకొండు కూడా కాలేదు.

అక్షరాలక్క తమ్ముడి పక్కకి వచ్చేసింది. "అదేంట్రా, అలా నోరు వెళ్లబెట్టావు?" అంది గబగబా. "మీవాడు రాబోయే క్షణాల్ని కూడా మింగుతాడు కదా? అగ్గిపుల్ల ఆరిపోయే క్షణాన్నే మింగేస్తే? అప్పుడా పుల్ల ఎప్పటికీ ఆరదు."

తమ్ముడు ఎగిరి గంతేశాడు. "అదీ! విన్నావా బావా? ఆరని అగ్గిపుల్ల! ఇక మీ రేడు పక్కకి జరిగి జరిగి విశ్వం బయటికి పోవాల్సిందే!"

మొగుడు ఆమె వైపు ఒక చూపు చూశాడు. "నువ్వు ఎవరి పక్షమే?"

"నాదేం పక్షం? పని కావాలి, అంతే" అని ఆమె పాళీ కడగడానికి పోయింది.

ఆ తర్వాత ఆమె చేసినదంతా అదే. తమ్ముడు తగ్గితే తమ్ముడికి ఒక మాట అందించింది, మొగుడు తగ్గితే మొగుడికి. వెలిగే పుల్లకు కూడా కింద నీడ ఉంటుందని మొగుడికి గుర్తుచేసింది. నీడ కదలాలంటే కాలం కావాలి కదా అని తమ్ముడి చెవిలో వేసింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర కాస్త చల్లబడితే, పదిహేడో సంచికలో నిమిషాసురుడు ఒక గుడ్డి ముసలమ్మను చూసి వెనక్కి తగ్గాడు కదా అని తానే నిప్పు రాజేసింది. అది దయ అని తమ్ముడు, భయం అని బావ, గంటన్నర కొట్టుకున్నారు. ఎన్నడూ ఇంత ఉషారుగా లేని ఆఫీసు ఆ రోజు చెరో వైపూ చీలిపోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆమె మాత్రం పది నిమిషాలకోసారి గోడ గడియారం చూస్తూ, ముల్లు ఎవరో పట్టుకుని వెనక్కి లాగుతున్నారా అనుకుంటూ, బల్ల చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఇంకో సంగతి కూడా ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. ఆయన సంతోషంగా ఉన్నాడు. అయిదు నెలల్లో ఆయన ఇంత గట్టిగా మాట్లాడింది లేదు, ఇంత నవ్వింది లేదు. ఇంట్లో మూగనోము పట్టిన మనిషి ఇక్కడ బామ్మర్దిని ఉతికి ఆరేస్తున్నాడు. చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేదు కనుక మానేసింది.

నాలుగింటికి తమ్ముడు బ్రహ్మాస్త్రం తీశాడు. చాలా సేపు దాచుకున్నాడని మొహమే చెప్పింది.

"బావా, ఇక ఆపుదాం. మీ చీకటిరేడు ఎప్పుడో ఒకప్పుడు పుట్టాడు కదా?"

"పుట్టాడు. విశ్వంలో మొదటి సూర్యుడికి ముందే."

"ఎప్పుడైతేనేం, పుట్టాడు. ఆ పుట్టిన నిమిషాన్ని మావాడు వెనక్కి వెళ్లి మింగేస్తాడు. అప్పుడు మీవాడు పుట్టనే లేదు. పుట్టనివాడు సూర్యుణ్ణి ఆర్పడు, అగ్గిపుల్లకి పక్కకి జరగడు, ఓపిక పట్టడు. అయిపోయింది."

మొగుడు నోరు తెరిచాడు, మూశాడు. ఎడమచెయ్యి మెల్లగా కిందికి దిగింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. ఇది అచ్చంగా తల మీద పడ్డ తన్ను.

"తేలినట్టేనా?" అంది ఎడిటరమ్మ, కలం మూత పెడుతూ. "నాలుగూ అయిదు. గంట టైముంది. కాగితం పరవండి."

"ఉండండి!" అంది అక్షరాలక్క. అందరూ ఆమె వైపు తిరిగారు. అనడమైతే అంది గానీ, ఏం అనాలో ఆమెకు తెలియదు. బుర్రలో ఏమీ లేదు. నోటికి ఏదొస్తే అది అనేసింది. "ఒరేయ్, మింగడానికి... ఒక నిమిషాన్ని మింగడానికి మీవాడికి ఎంతసేపు పడుతుంది?"

"అదేం ప్రశ్న అక్కా?"

"చెప్పరా."

"ఎంతసేపంటే... గుటుక్కుమంటాడు. ఒక నిమిషం అనుకో."

మొగుడి కళ్లు వెలిగాయి. తానేం చేసిందో ఆ వెలుగు చూశాకే ఆమెకు తెలిసింది.

"ఒక నిమిషం!" అన్నాడాయన. "విన్నారా? వాడే ఒప్పుకున్నాడు. నిమిషం మింగాలంటే వాడికి ఒక నిమిషం కావాలి. ఆ నిమిషాన్ని వాడు మింగలేడు. మింగితే దేంట్లో నిలబడి మింగుతాడు? కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే కదా! అంటే వాడెన్ని తిన్నా, వాడి చేతికి చిక్కని నిమిషం ఒకటి ఎప్పుడూ మిగిలే ఉంటుంది. ఆ ఒక్క నిమిషంలో నోటినిండా ఉంటుంది, చేతులు ఖాళీ ఉండవు. మావాడికి అదే చాలు. వచ్చి నిలబడతాడు. దీపం ఆర్పేస్తాడు. అంతే."

తమ్ముడు కుర్చీ వీపు వదిలేశాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు. "అక్కా, ఎంత పని చేశావే" అన్నాడు చివరికి. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఎవరు గెలిచినా గండమే అయినప్పుడు, ఇది మరీ పెద్ద గండం. ఓడిన రాక్షసుడైతే మోకాళ్ల మీద, వెనుక వైపు, తల వంచుకుని, నాలుగు గీతల్లో అయిపోయేవాడు. గెలిచినవాడి మొహం పేజీ నిండా ఉండాలి. అదీ దీపం ఆర్పబోయే ముందరి నిమిషం కనుక, వెలుగులో ఉండాలి. ఒక్క చుక్క నలుపు నింపడానికి చోటు లేదు.

కాగితం పరిచారు. తమ్ముడు ముందు కూర్చున్నాడు. ఓడినా పనిలో దొంగతనం తెలియనివాడు. పావుగంటలో నిమిషాసురుణ్ణి మూలన మోకాళ్ల మీద కూలేశాడు. ముక్కు ఎగబీలుస్తూ గీశాడు గానీ, ఒక్క గీత కూడా తప్పలేదు. "నీ వంతు బావా" అని కాగితాన్ని అటు తిప్పాడు.

మొగుడు కూర్చున్నాడు. కుడిచెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది.

అక్షరాలక్క ముందుకు వచ్చింది. సిరా బుడ్డి అందిస్తున్నట్టు అందించి చెయ్యి జార్చింది. బుడ్డి కింద పడి భళ్లున పగిలింది. "అయ్యో, ఉన్న ఒక్క బుడ్డీ పోయింది, ఇక వచ్చే నెలే..." అంటుండగానే తమ్ముడు తన బల్ల మీది బుడ్డి తెచ్చి బావ ముందు పెట్టాడు. వెధవ, ఎప్పుడూ లేని చురుకు అప్పుడే వచ్చింది వాడికి.

"వెలుతురు చాలట్లేదు, కిటికీ దగ్గరికి జరుపుదామా?" అంది ఆమె. "కాగితం కూడా గరుకుగా ఉన్నట్టుంది."

"ఆపవే" అన్నాడు మొగుడు. కోపంగా అనలేదు. "పొద్దున్నుంచీ చూస్తున్నాను. వాడికో మాట, నాకో మాట. ఇక చాలు."

కలం ముంచాడు. చీకటిరేడి నుదుటి దగ్గర మొదలుపెట్టి చెంప మీదుగా గడ్డం దాకా గీత లాగాడు. తెల్ల కాగితం మీద, అందరి కళ్ల ముందూ, ఆ గీత వణికింది. ఆయన ఆపలేదు. రెండో చెంప గీశాడు. అది ఇంకా వణికింది. వెనక నుంచి ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఎడిటరమ్మ కిటికీ బయటికి చూడటం మొదలుపెట్టింది.

ఆయన కలం పక్కన పెట్టాడు. చేతిని మాత్రం మళ్లీ జేబులో పెట్టుకోలేదు, బల్ల మీదే ఉంచాడు.

"బావా" అన్నాడు తమ్ముడు. "మరి పోయిన అయిదు సంచికలూ?"

"మీ అక్కనడుగు."

అక్షరాలక్క మొగుడి వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"ఏడేళ్ల పిల్లాడికైనా తెలుస్తుంది" అన్నాడాయన. "నా గీత చివరికి పోయేసరికి సన్నబడి మాయమవుతుంది. బొమ్మల పాళీ అంతే. అయిదు నెలలుగా మా రేడి మొహం మీద ప్రతి గీతా చివర కోసినట్టు ఆగుతోంది. అక్షరాల పాళీ ఆగినట్టు. నీ పాళీతోనే దిద్దావు కదే, మహాతల్లీ. కనీసం నా పాళీ తీసుకోకూడదా?"

ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. ఇరవై రెండేళ్లుగా చేతిలో ఉన్న పాళీ, చేతికి వేలులాంటిది. అది వేరే రకం గీత గీస్తుందని వేలికి గుర్తుంటుందా? అందరి కళ్లూ కప్పానని అయిదు నెలలుగా అనుకుంది. ప్రతి గీత చివరా తన సంతకమే పెట్టుకుంటూ వచ్చింది.

"నేను బావ కొత్త పాళీ మార్చాడనుకున్నాను" అన్నాడు తమ్ముడు వెర్రి మొహంతో. "అలాంటిదే కొనుక్కుని రెండు నెలలుగా కుస్తీ పడుతున్నా. రాలేదు."

మొగుడు లేచి, కుర్చీ వెనక్కి జరిపి, ఆమెకు చూపించాడు. "కూర్చో. మిగతాది నువ్వు గియ్యి."

"నేనా? కట్టుబాటు..."

"నీ పాత్ర నువ్వు గీసుకుంటే కట్టుబాటుకేం? ఆ మొహం అయిదు నెలలుగా నీది."

"నాకు బొమ్మ రాదండీ! నేను దిద్దడమే గానీ..."

"నాకూ రావట్లేదు" అన్నాడాయన.

అంత మామూలుగా అన్నాడు. కుళాయిలో నీళ్లు రావట్లేదు అన్నట్టు అన్నాడు. అయిదు నెలలుగా ఆమె ఏ మాట ఆయన చెవిన పడకూడదని పెదవులు కుట్టుకుని తిరిగిందో, ఆ మాట ఆయనే అనేశాడు. ఆమెకు కళ్ల నీళ్లు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

తమ్ముడు బావ దగ్గరికి వచ్చాడు. వాడికి ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. "నాతో ఒక్క మాట చెప్పకూడదా? పక్క బల్ల మీదే కదా ఏడుస్తున్నాను! పొద్దున్నుంచీ నిన్ను నోటికొచ్చినట్టు... లేనివాడన్నాను, పుట్టనే లేదన్నాను..."

"చెప్పుంటే ఇవాళ నాతో ఇలా వాదించేవాడివా?" అన్నాడు మొగుడు. "'నువ్వే గెలిచావు బావా, కూర్చో, టీ తాగు' అని తొమ్మిదిన్నరకే లేచిపోయేవాడివి. రేపటి నుంచి అందరూ అలాగే లేచిపోతారు. నాకు తెలుసు. ఇవాళ ఒక్క రోజు మిగిలింది. అది పాడు చేసుకోదలచుకోలేదు."

పొద్దున్నుంచీ ఏ మాటకైనా ఎదురు మాట వెతుక్కున్న తమ్ముడు, ఆ మాటకు మాత్రం తల దించుకున్నాడు. కింద వ్యాను హారను కొట్టింది. ఎడిటరమ్మ కిటికీలోంచి వంగి, "ఆగవయ్యా, ఏమంత కొంపలంటుకున్నాయి?" అని గట్టిగా కసిరింది.

అక్షరాలక్క మొగుడి కుర్చీలో కూర్చుంది. తన పాళీ తీసింది. కాగితం మీద వణికిన చెంపలు రెండూ చెరోవైపూ ఉన్నాయి, మధ్యలో మొహమంతా తెల్లగా ఉంది. "ఈ రెండూ దిద్దమంటారా?" అని అడిగింది, తలెత్తకుండా.

"వద్దు. అవి నావి. ఉండనీ."

ఆమె చీకటిరేడి కళ్ల దగ్గర మొదలుపెట్టింది. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. అందరూ ఆయన్ని చూడకుండా ఉండటానికి అవస్థ పడుతున్నారు. ఒకరు చెప్పుల వైపు, ఒకరు గోడ వైపు. ఆయన మధ్యలో నిలబడి ఉన్నాడు, ఏ బల్ల దగ్గరికి పోవాలో తెలియనివాడిలా. అప్పుడే ఆయన చెప్పిన రేపు వచ్చేసినట్టుంది. ఆమె చూడలేకపోయింది. ఎవరైనా ఏదైనా మాట్లాడితే బాగుండునని లోలోపల మొక్కుకుంది.

"అయినా నేనొప్పుకోను" అన్నాడు తమ్ముడు.

మొగుడు తలెత్తాడు. "ఏది?"

"ఆ నిమిషం సంగతి." వాడు జేబురుమాలు తీసి మొహమంతా గట్టిగా రుద్దుకుని, మళ్లీ కుర్చీ వెనక్కి పోయి నిలబడ్డాడు. "అక్క తికమక పెట్టింది కాబట్టి తలూపాను గానీ, ఆ పాయింటు చెల్లదు బావా. మావాడు అంతకుముందు మింగిన నిమిషాలన్నీ కడుపులో ఉన్నాయి కదా? అందులోంచి ఒకటి పైకి తెచ్చుకుని, అందులో నిలబడి, మీవాడి నిమిషాన్ని మింగుతాడు. మీవాడు గెలవలేదు. పేజీ అచ్చుకి పోతే పోనీ. మీవాడు గెలవలేదు."

మొగుడు వాడివైపు కళ్లార్పకుండా చూశాడు. "మింగినదాన్ని కక్కి వాడుకుంటాడా?" అన్నాడు నెమ్మదిగా. "ఛీ! అంత పెద్ద రాక్షసుడు, ఎంగిలి నిమిషం వాడతాడా?"

"నిమిషానికి ఎంగిలేంటి బావా?"

"ఎంగిలి కాదూ? సగం అరిగిపోయి ఉంటుంది కదరా అది! అరవై క్షణాల్లో ముప్పై కూడా మిగలవు. సగం నిమిషంలో నిలబడి పూర్తి నిమిషాన్ని మింగుతాడా మీవాడు?"

"ఎవరు చెప్పారు అరుగుతుందని? ఏ సంచికలో ఉంది? చూపించు!"

"పాత సంచికలు తీసుకురా, చూపిస్తాను. కూర్చో. ఇది తేలేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదు" అని మొగుడు స్టూలు లాక్కుని బామ్మర్దికి ఎదురుగా కూర్చున్నాడు.

వ్యాను మళ్లీ హారను కొట్టింది. వాళ్లిద్దరికీ వినబడలేదు. ఇద్దరి అరుపుల మధ్య అక్షరాలక్క కళ్లు తుడుచుకుంది, పాళీని సిరాలో ముంచి, చీకటిరేడి రెండో కన్ను గీయసాగింది.